నచ్చని మాటకు జర ఎక్కువ సౌండ్

మొన్న జనగామలో, నేను పాఠాలు చెప్పే కాలేజీ సెమినార్ హాల్లో కొత్త ఇంధన విధానం మీద మాట్లాడుతున్నాను. మంచి ఎండాకాలం. మాట మధ్యలో ఒక్క క్షణం కరెంటు పోయింది. ట్యూబులైట్లు ఓసారి రెప్ప వేశాయి, ఫ్యాన్ల చప్పుడు కాస్త కిందికి దిగింది, మూలనున్న ఇన్వర్టర్ కీచుమని అందుకుంది, అంతే. పిల్లలెవరూ ఫోన్ల మీంచి తల కూడా ఎత్తలేదు. ఆగిపోయింది నేనొక్కదాన్నే. మైకు పనిచేస్తూనే ఉంది, నా నోరే పనిచేయలేదు. గొంతు ఎండిందనుకుని ప్రిన్సిపాల్ గారు మంచినీళ్ల సీసా నా ముందుకు జరిపారు. గొంతు ఎండలేదండీ, యాకూబ్ చిచ్చా గుర్తొచ్చాడు. కరెంటు అలా పోయి వచ్చినప్పుడల్లా నాకు ముందు కోపం వస్తుంది, వెనకాలే ఏడుపు వస్తుంది. కోపం ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు, కాబట్టి చెప్పాలి. బోర్డుల మీద మహబూబాబాద్, మా నోళ్లలో ఎప్పుడూ మానుకోటే. ఆ మానుకోటలో మా ఇంటి పక్క మడిగెలో ఆయన మైకుసెట్ల దుకాణం. పెళ్లికైనా చావుకైనా, బోనాలకైనా ఉర్సుకైనా, ఏ పార్టీ మీటింగుకైనా ఆయన గొట్టాలే కట్టేవారు. పొడుగాటి మనిషి, గడ్డానికి గోరింటాకు, చేతిలో ఎప్పుడూ ఒక టెస్టర్. చిచ్చా అంటే బాబాయి. వీధి వీధంతా, హిందువులూ ముస్లింలూ అలాగే పిలిచేవాళ్లం. ఆయనకు అభిప్రాయం లేని సంగతి భూమ్మీద లేదు. సెల్‌ఫోన్ టవర్లు, ఆధార్ కార్డు, అణు కరెంటు, అమెరికా అధ్యక్షుడు, టమాట ధర, అన్నిటి మీదా చాయ్ హోటల్లో కూర్చుని తీర్పు చెప్పేవాడు. అందులో సగం తప్పులే. ఆ మాట నేను ఆయన మొహం మీదే అనేదాన్ని. "సగమే గద బిడ్డా, సర్కారుకన్న నయమే" అని చాయ్ ఊదుకునేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ విసుక్కునేది గానీ, ఆయన గొంతు వినబడని రోజు "సాయబు ఊర్ల లేడా ఏంది?" అని వాకిట్లోకి వచ్చి చూసేది కూడా ఆమే.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక మీటింగులో ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. స్టేజీ మీద మాట్లాడుతున్న నాయకుడంటే చిచ్చాకు అస్సలు గిట్టదు. పొద్దుటి నుంచీ నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. అలాంటిది, ఆ మనిషి మైకు ముందుకు రాగానే చిచ్చా ఆంప్లిఫైయర్ బటన్ కాస్త పైకి తిప్పాడు. గొంతు గుట్టలకు తగిలి తిరిగొచ్చింది. నాకు అర్థం కాలేదు.

"అదేంది చిచ్చా, తిట్టినోనికే సౌండ్ పెంచుతున్నవ్?"

"నచ్చనోనికి జర ఎక్కువ సౌండ్ ఇయ్యాలె" అన్నాడు, కళ్లు స్టేజీ మీద నుంచి తిప్పకుండా. "నా చెయ్యి నా మాట ఇనది బిడ్డా. నచ్చనోడు మాట్లాడుతుంటె నాకు తెల్వకుండనే బటన్ కిందికి దిగుతది. గందుకే ముందుగాల్నే పైకి పెడ్త. అప్పుడు బరాబర్ అయితది."

ఆ రహస్యం బజారంతా తెలుసని నాకు తర్వాత తెలిసింది. మీటింగులో చెవులు చిల్లులు పడుతుంటే జనం నవ్వుకునేవారు, "ఇయ్యాల చిచ్చాకు ఈయన అస్సలు నచ్చలేదు రా!" అని. తెలియనిది ఆ నాయకులకే. పాపం, గొంతు బ్రహ్మాండంగా లేచిందని మురిసిపోయి కిందికి దిగి చిచ్చా భుజం తట్టి పోయేవారు. ఆయనకు నచ్చిన మనిషికి మాత్రం సౌండ్ ఎప్పుడూ మామూలుగానే ఉండేది. నా మాటకు ఆయన ఏనాడూ మామూలు సౌండ్ పెట్టలేదు.

ఆ ఏడే హన్మకొండలో వక్తృత్వ పోటీకి వెళ్లాను. టెక్నాలజీ మంచిదా చెడ్డదా అన్నది విషయం. రాత్రంతా బట్టీపట్టిన పుస్తకాల తెలుగు భయానికి ఎగిరిపోయి, మధ్యలో నోట్లోంచి "గిట్ల" అని పడింది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన పకపకా నవ్వాడు. "ఏ సినిమాలో కామెడీ అమ్మాయివమ్మా నువ్వు?" అన్నాడు. హాలంతా నవ్వింది. బస్సులో ఏడ్చుకుంటూ వచ్చి, ఇంటికి పోవడానికి మొహం చెల్లక చిచ్చా దుకాణంలో కూర్చున్నాను. ఆయన గొట్టం తుడుస్తూ అంతా విన్నాడు. జాలి మాట ఒక్కటీ అనలేదు.

"ఆయనకు ఇనవడ్డదా, లేదా?"

"ఇనవడ్డది. గందుకే నవ్విండు."

"ఇనవడ్డది గద, ఇగ ఖతం. నవ్వుడు ఆయన పని. ఇనవడేటట్టు చెప్పుడు నీ పని. ఆయన పని ఆయన చేసిండు, నీ పని నువ్వు చేసినవ్. ఏడుసుడు ఎవల పని మరి?"

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఈ రోజు ఎంత పెద్ద హాల్లో నిలబడినా నా కాళ్లు వణకవు. ఆ ధైర్యం నాకు ఏ డిగ్రీ ఇచ్చింది కాదు, ఆ దుకాణంలో దుమ్ము పట్టిన వైర్ల చుట్టల మధ్య దొరికింది.

పీజీ చదువుతుండగా నా మొదటి వ్యాసం పేపర్లో అచ్చయింది. బజార్లలో చందాలు వేసుకుని సీసీ కెమెరాలు పెట్టడం అప్పుడప్పుడే మొదలైంది. దొంగ కోసం పెట్టిన కన్ను దొరనూ చూడాలి, దొర ఆ కన్నును ఎవరి మీదికి తిప్పుతాడో అడిగే హక్కు మనకుండాలి అని రాశాను. చిచ్చా కెమెరాలకు గట్టి మద్దతు. చందా అందరికంటే ముందు వేసింది ఆయనే. "తప్పు చెయ్యనోనికి కెమెరాతోని ఏం భయం?" అన్నది ఆయన వాదం. పేపరు తెచ్చి ఆయన ముందు పెట్టి, ఇక యుద్ధమేనని కూర్చున్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివాడు. చదివి, లేచి, దుకాణం ముందు గొట్టం కట్టి, మైకు పట్టుకుని నా వ్యాసం మొదటి నుంచి చివరి దాకా బజారంతా అదిరేలా చదివాడు. సంధులు తప్పుతున్నాడు, పదాలు మింగుతున్నాడు, కానీ ఒక్క వాక్యం వదల్లేదు. కిరాణం సేట్లు చెవులు మూసుకున్నారు. చివరికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏంది చిచ్చా ఇది, కెమెరాలు వద్దంటున్నవా నువ్వు?"

"నేనెందుకంట? మైకు నాది, రాత పిల్లది. గీ అభిప్రాయం నీకెంత ఎదురో నాకూ గంతే ఎదురు. ఇనవడుతున్నదా మంచిగ? పెంచమంటవా?"

కానిస్టేబుల్ నవ్వాపుకోలేక పోయాడు. మా నాన్న మాత్రం సిగ్గుతో ఆ రోజు బజారు వైపు పోలేదు.

కరెంటు విషయానికి వస్తే ఆయన పిచ్చి ఇంకా ముదిరేది. ఆయనకు కరెంటు కోతల కాలం ఎముకల్లో ఉంది. పెళ్లి మంత్రాల మధ్యలో మైకు మూగబోయి ఆడపెళ్లివారితో తిట్లు తిన్న కాలం, జనరేటర్ తాడు గుంజి గుంజి భుజం పట్టేసిన కాలం అది. ఒకసారి భూపాలపల్లిలో వాళ్ల మరదలి కూతురి పెళ్లికి మమ్మల్నీ తీసుకుపోయాడు. చెల్పూర్ దగ్గర రోడ్డు మీద వ్యాను ఆపించి, దూరంగా కరెంటు ప్లాంటు చిమ్నీలు చూపించాడు. "సూడు బిడ్డా, నా మైకు గాడికెల్లి వస్తది" అన్నాడు, సొంత పొలం చూపించినంత గర్వంగా. నేను ఊరుకోవచ్చు కదా! బొగ్గు ఎన్నాళ్లుంటుంది, బూడిద ఎక్కడ పోస్తాం, తవ్విన నేల మళ్లీ నేలవుతుందా అని పుస్తకాల్లో చదివిందంతా ఏకరువు పెట్టాను. పెళ్లికి ఆలస్యమవుతోందని చిచ్చా భార్య జైనబ్ చాచీ వ్యానులోంచి కేకలేస్తోంది. ఆయన మాత్రం చెవికి చేయి అడ్డం పెట్టుకుని, "జర గట్టిగ చెప్పు, లారీ పోయింది, ఆఖరి మాట ఇనవడలే" అన్నాడు. అంతా విని, "నువ్వు చెప్పింది తప్పు. కని మంచిగ చెప్పినవ్" అని వ్యానెక్కాడు. చాచీ ఆ తిట్టు ఈ తిట్టు కాదు తిట్టింది.

ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. కొన్నాళ్లు ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరూ నమ్మారు, చిచ్చా అందరికన్నా ఎక్కువ నమ్మాడు. జనరేటర్ అమ్మేశాడు. ఆంప్లిఫైయర్‌కు తగిలించే బ్యాటరీలు కూడా ఆటోవాళ్లకు ఇచ్చేశాడు. నేను ఆ ఎండాకాలం సెలవులకు వచ్చి చూస్తే దుకాణంలో ఆ మూల బోసిగా ఉంది.

"ఒక్క బ్యాటరీ అన్న ఉంచుకోవద్దా చిచ్చా?"

"ఎందుకు? ఇగ కరెంటు పోదు."

"పోతే?"

"నమ్మినంక సగం నమ్ముడేంది బిడ్డా? సర్కారు మంచి చేస్తె మంచి చేసిందని ఒప్పుకునే దమ్ముండాలె. బ్యాటరీ దాసిపెట్టుకుంటె నాలుక మీద ఒక మాట, మనసుల ఒక మాట ఉన్నట్టు."

చాయ్ హోటల్లో అదే ఆయన పాట. ఎవరు కరెంటు ఊసెత్తినా "ఇగ కరెంటు పోదు" అనేవాడు. అది ఆయన ఊతపదమైపోయింది. పిల్లలు ఆయన్ని అనుకరించేవారు. ఆయన సంతోషం చూస్తే వాదించబుద్ధి కాలేదు. ఎన్నో ఏళ్లు తిట్లు తిన్న మనిషి, ఆయనకు ఆ మాత్రం హక్కు ఉందనుకున్నాను.

ఇక ఆ సభ సంగతి. మానుకోటకు కాస్త దూరంలో ఒక ఊరు, ఆ ఊరి గుట్ట కింద పెద్ద బీడు. బీడుకు అవతల ఒక చిన్న లంబాడా తండా. బీడు కొంత సర్కారుది, కొంత ఊరివాళ్లది. అక్కడ ఒక కంపెనీ సోలార్ పలకలు పెడతానంది. చుట్టూ ఫెన్సింగు, గుంజ గుంజకూ కెమెరా. ఊరివాళ్లకు లీజు వస్తుంది, అందరూ సై అన్నారు. చిచ్చా సరేసరి, చాయ్ హోటల్లో నెల రోజులుగా సోలార్ భజనే. నేను కూడా సోలార్ మంచిదనే రాసేదాన్ని. చిక్కల్లా ఒక్కటే. తండావాళ్లు పెద్ద రోడ్డుకు, బస్సుకు, బడికి, దవాఖానకు పోయే కాలిబాట ఆ బీడు నడుమ నుంచే పోతుంది. ఫెన్సింగు పడితే గుట్ట చుట్టూ తిరిగి రావాలి. ఆ బాట వదలమని తీర్మానంలో రాయించుకోవడానికి వాళ్లకు మిగిలిన చోటు ఆ ఊరి గ్రామసభ ఒక్కటే. తండా తరఫున చెప్పడానికి సాల్కి అనే పెద్దామెను నిలబెట్టుకున్నారు. నోరున్న మనిషి, తండా ఆడవాళ్లకు ఆమె మాటే మాట.

సభ మైకు చిచ్చాదే. సెలవుల్లో ఉన్నాను కాబట్టి నన్నూ రమ్మన్నాడు. నేను ఆ ఊరిదాన్ని కాదు, మాట్లాడే హక్కు లేదు, షామియానా పక్కన నిలబడి చూడటమే నా పని. మధ్యాహ్నం దాకా ఊరి పెద్దలు, పార్టీల వాళ్లు మాట్లాడారు. తండా వంతు ఆఖరున వచ్చింది. అప్పటికి గాలి లేచింది. షామియానా పటపటా కొట్టుకుంటోంది. దూరంగా మబ్బు పట్టింది. వచ్చిన అధికారి గడియారం చూసుకుంటున్నాడు. సాల్కి మైకు ముందుకొచ్చింది. చిచ్చా ఆమె కాళ్ల దగ్గరే, ఆంప్లిఫైయర్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె తన సోలార్‌కు అడ్డం చెప్పబోతోందని ఆయనకు తెలుసు. నేను చూస్తుండగానే ఆయన చేయి బటన్ మీదికి పోయింది, పైకి తిప్పింది.

"నా పేరు సాల్కి" అంది ఆమె. గుట్ట దాకా వినబడింది. అక్కడితో మైకు ఆగిపోయింది.

ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడిందట, తర్వాత తెలిసింది. ఎవరి తప్పూ లేదు, గాలి తప్పు. కానీ కరెంటు పోయిందన్న ఆలోచనే చిచ్చాకు తట్టలేదు! నమ్మిన మనిషి కదా. తన సెట్టే పాడైందనుకున్నాడు. ఫ్యూజు విప్పాడు, చూశాడు, మళ్లీ బిగించాడు. వైర్లు ఒక్కొక్కటే పీకి పళ్లతో కొరికి మళ్లీ చుట్టాడు. షామియానా పక్కనే ట్రాక్టరు నిలబడి ఉంది. దాని బ్యాటరీ విప్పి తగిలిస్తే అయిపోయేది. ఆయన దాని వైపు చూడనే లేదు. సాల్కి మాత్రం ఆగలేదు. చచ్చిన మైకును పట్టుకుని చెబుతూనే ఉంది. ఆమె పెదాలు కదలడం నాకు కనిపిస్తోంది, షామియానా చప్పుడులో మాట అందడం లేదు. మగవాళ్లు వాన గురించి మాట్లాడుకుంటున్నారు. అధికారి "సరే సరే, అర్థమైందమ్మా, రాసుకున్నాం" అని, "వాన వచ్చేలా ఉంది, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. చేతులు లేచాయి. అప్పుడు ఎవరో "చిచ్చా, కరెంటు పోయింది!" అని అరిచారు. ఆయన తలెత్తి స్తంభం వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఊరంతా విన్నది సాల్కి పేరు మాత్రమే.

మానుకోటకు మేం వచ్చేసరికి మాకంటే ముందు కబురు చేరింది. సోలార్‌కు ఎదురు మాట్లాడగానే సాయబు మైకు బంద్ పెట్టిండట! కరెంటు పోయిందని ఆయన చెబితే ఎవరూ నమ్మలేదు. ఆ రోజు మానుకోటలో కరెంటు పోలేదు మరి. చాయ్ హోటల్లో ఒకడు నవ్వుతూనే అన్నాడు, "కరెంటు పోదని నువ్వే అంటివి గద చిచ్చా!" అందరూ నవ్వారు. వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు, అలవాటుగా ఆట పట్టించారు. ఆయన చాయ్ సగంలో వదిలేసి వచ్చాడు. నేను ఆ హోటల్‌కు పోయి ఒక్కొక్కణ్ని కడిగేద్దామనుకున్నాను. చాచీ నా చేయి పట్టుకుని ఆపింది. "వద్దు బేటా, నువ్వు అరిచినకొద్దీ నిజమే అనుకుంటరు" అంది.

దుకాణంలో ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ట్రాక్టరు పక్కకే ఉండె బిడ్డా. నేను ఫ్యూజు సూస్కుంట కూసున్న."

"మైకు ఉన్నా ఆ అధికారి వినేవాడు కాదు చిచ్చా. వాళ్లు ముందే అనుకుని వచ్చారు."

"ఇనేటోడో కాదో, గది గూడ తెల్వనీయకుండ చేసిన గద నేను" అన్నాడు.

ఓదార్పుగా చెప్పిన మాటే ఆయన్ని ఇంకా కోసింది. ఆయన నమ్మిక అంతా ఒకటే, వినబడిన తర్వాత ఒప్పుకుంటారో లేదో వినేవాళ్ల ఇష్టం, కానీ వినబడాలి. ఆ వినబడటమే ఆయన చేతిలో పోయింది.

సోమవారం అర్జీలు తీసుకునే ఆఫీసుకు పోదాం రమ్మన్నాడు. సాల్కిని అడిగితే, "చెప్పిన గద, ఎన్నిసార్లు చెప్పాలె?" అని రానందట. ఇద్దరమే పోయాం. ఆయన ఇస్త్రీ షర్టు వేసుకున్నాడు. వంతు రాగానే చేతులు కట్టుకుని నిలబడి, సాల్కి చెప్పిందంతా, బడికి పోయే ఆమె మనవరాలి సంగతితో సహా, చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు ఫ్యూజు విప్పుతూ ఆయన ఆమె మాటలు ఒక్కటీ పొల్లు పోకుండా విన్నాడని. అక్కడి అధికారి మర్యాదస్తుడే. విసుక్కోలేదు.

"ఇంతకీ మీ అభిప్రాయం ఏమిటి పెద్దాయనా?"

"నాది సోలార్ రావాల్నని సార్."

"మరింకేం?"

"నాది చెప్పనీకి రాలే సార్. ఆమెది చెప్పనీకి వచ్చిన."

"మీకే ఆ అభిప్రాయం లేనప్పుడు మీరెందుకు చెబుతున్నారు? అనుకూలమా వ్యతిరేకమా, ఏదో ఒకటి చెప్పండి."

అన్ని అభిప్రాయాలున్న మనిషికి ఒక్క మాట దొరకలేదు. నేను అందుకుని గట్టిగానే మాట్లాడాను. సోలార్ ఆపమనడం లేదు, బాట వదలమంటున్నారు, అది తీర్మానంలో ఎందుకు లేదని అడిగాను. సభ అయిపోయింది, తీర్మానం పైకి వెళ్లిపోయింది అన్నాడు. పైగా అంత విలువైన పలకల నడుమ జనం నడిస్తే భద్రత ఎట్లా మేడమ్ అన్నాడు. "కెమెరాలు ఉంటాయి లెండి, తప్పు చేయనివాళ్లకు భయమేముంది?" అని నవ్వాడు. చిచ్చా నా వైపు చూశాడు. అది తన మాటే.

ఫెన్సింగు పడింది. బాట పోయింది. చిచ్చా మళ్లీ బ్యాటరీ కొన్నాడు, జనరేటర్ ఉన్న ఫంక్షన్ హాలుకు కూడా దాన్ని మోసుకుపోయేవాడు. చూసి నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వులు నాకు లెక్కలేదు. నన్ను కాల్చేసింది ఇంకొకటి. ఆయన అభిప్రాయాలు చెప్పడం ఆపేశాడు. చాయ్ హోటల్‌కు పోయేవాడు, వినేవాడు, వచ్చేవాడు. "ఏమంటవ్ చిచ్చా?" అంటే "నన్నడుగకురి" అనేవాడు. ఒకసారి దసరా సెలవులకు వచ్చినప్పుడు ఎలాగైనా రెచ్చగొడదామని పోయి కూర్చున్నాను.

"చిచ్చా, మోటార్లకు స్మార్ట్ మీటర్లు పెడతరట. తెలుసా?"

ఒకప్పుడైతే గంట సేపు దుకాణం దద్దరిల్లేది. సర్కారును పొగడటమో, దుమ్మెత్తి పోయడమో, రెండూ కలిపో చేసేవాడు. ఆయన వైరు చుట్టుకుంటూ "పెట్టనీ" అన్నాడు.

ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నువ్వు తప్పంటున్నాను చిచ్చా, నాతో కొట్లాడు అని బతిమాలాలనిపించింది. సగం తప్పులు చెప్పే ఆ మనిషి ఊళ్లో లేకపోతే మిగతా వాళ్ల తప్పులు ఎవరికీ కనబడవని నాకు అప్పుడే తెలిసింది. ఆ చలికాలం చిచ్చా పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. నేను జనగామ నుంచి వచ్చేసరికి మట్టి చేసేశారు.

నలభయ్యో రోజు ఫాతెహా చదివించి, చిచ్చా ఇంట్లో అన్నాలు పెట్టారు. సందులో ఎవరో గట్టిగా తగవు పడుతున్నట్టు వినబడి బయటికి వచ్చాను. సాల్కి! మరో ఇద్దరు తండా ఆడవాళ్లతో వచ్చింది. గుట్ట చుట్టూ తిరిగి రావడంతో బస్సు తప్పిపోయి, ఆటోవాడితో బేరం కుదరక అరుస్తోంది. లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మనవరాలు ఎలా చదువుతోందని అడిగాను. బస్సు అందక బడి మానేసిందని, పత్తి ఏరడానికి పోతోందని చెప్పింది. ఆ రోజు సభలో ఆమె చెప్పిన మాటల్లో అదొకటి. బాట పోతే పిల్ల బడి పోతదని ముందే చెప్పింది. పంతులమ్మను, అలాంటి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలను రోజూ క్లాసులో చూసేదాన్ని, నాకు ముద్ద దిగలేదు.

"ఆ దినం నువ్వు చెప్పింది ఎవరికీ ఇనవడకపాయె అవ్వా" అన్నాను.

"ఎందుకు ఇనవడలే?" అని కస్సుమంది. "మైకు సాయబు ఇన్నడు. నా కాళ్లకాడ్నే కూసుండె గద. నేను కిందికి సూసుకుంటనే చెప్పిన. తల ఊపుకుంట ఇన్నడు." పళ్లెంలో అన్నం కలిపింది. "ఇన్నది గాయినొక్కడే. గాయిన గూడ పాయె."

అని, నేను అడగకుండానే, అన్నం పళ్లెం పక్కకు జరిపి ఆ రోజు మాటలన్నీ మళ్లీ చెప్పింది. మేం సోలారు వద్దంటలేం సారూ. పొద్దును మీరు పట్టుకోండ్రి, బాటను మాకు ఇడువుండ్రి. ఎండ మీది, నడక మాది. చాచీ వింటూ గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

నేను రాశాను. ఇంధనం, భద్రత, విధానం, గ్రామసభ, నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ వేసి, కంపెనీ వాదన ముందు పెట్టి, దానికి ఏ లోటూ రాకుండా చూసి, తర్వాత సాల్కి మాట రాశాను. పేపర్లో అచ్చయింది. బాగా రాశారని ఫోన్లు వచ్చాయి. భాష బాగుందని ఒకాయన ప్రత్యేకంగా చెప్పాడు. ఫెన్సింగు గుంజ ఒక్కటి కదల్లేదు. సెమినార్లలో చెప్పాను, చెబుతున్నాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో వస్తుందేమోనని.

పోయిన వారం సాల్కి ఫోన్ చేసింది. ముందు మానుకోటలో ఎండలెట్లున్నాయో చెప్పింది, మనవరాలికి సంబంధాలు చూస్తున్నామంది, వద్దని నేను అంటే వినిపించుకోలేదు. తర్వాత అడిగింది.

"నువ్వు పేపర్ల రాసినవ్ గద బిడ్డా. ఎవలన్న ఇన్నరా?"

విన్నారు అని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నేనైతే ఇన్న అవ్వా" అన్నాను.

"మంచిది బిడ్డా" అంది. "నువ్వన్న ఉండు."